పదేళ్ల కార్డు కోసం కాపురం నటించాలా?

ప్రశ్న: పిన్నిగారికి నమస్కారం. మాది తెనాలి. నాకు 31 ఏళ్లు, ఎంసీఏ చేశాను. మావారిది విజయవాడ, పదిహేనేళ్ల కిందటే అమెరికా వచ్చి ఇక్కడి సిటిజన్ అయ్యారు. పెళ్లి గుంటూరులో జరిగింది. వీసా వచ్చి నేను ఇక్కడికి చేరేసరికి పదహారు నెలలు పట్టింది. టెక్సాస్‌లో ఫ్రిస్కోకి వచ్చి ఇప్పటికి పద్దెనిమిది నెలలు. నాది రెండేళ్ల గ్రీన్‌కార్డు, డిసెంబరులో అయిపోతుంది.

మొదటి ఆరు నెలలు బాగానే గడిచాయి. తర్వాత మాటా మాటా పెరిగింది. ఆయన ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. కానీ నా జీతం పడే ఖాతా పాస్‌వర్డ్ ఆయన దగ్గరే ఉంటుంది. నా పాస్‌పోర్టు, కార్డు తాళంలో పెట్టేవారు. ఎవరితో మాట్లాడినా ఫోన్ తీసి చూసేవారు. మార్చిలో అవి రెండూ తీసుకుని బయటికొచ్చేశాను. ప్లేనోలో ఫ్రెండ్ ఇంట్లో ఉంటున్నాను. విడాకులకు ఆయనా ఒప్పుకున్నారు. అయితే షరతు పెట్టారు. పదేళ్ల కార్డు వచ్చేదాకా కలిసి ఉన్నట్టు కాగితాల మీద సంతకం పెడతారట. దానికి బదులు మంగళగిరి దగ్గర మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం ఆయన పేర రాయాలట, నగలు అడక్కూడదట. లేకపోతే గ్రీన్‌కార్డు క్యాన్సిల్ చేయిస్తానని, స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకుంటానని అంటున్నారు. అమ్మేమో ‘స్థలం పోతే పోయింది, కార్డు నిలుపుకో’ అంటోంది. నాన్నేమో ‘ఇండియా వచ్చేయ్, పెద్దల్లో పెట్టి మాట్లాడదాం’ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– ఎస్., టెక్సాస్

జవాబు: అమ్మాయ్ ఎస్.,

ఆ స్థలం రాసివ్వకు. ముందు ఈ మాట చెప్పేసి, ఎందుకో నిదానంగా చెప్తాను.

నేను లాయర్ని కాను. డాలస్‌లో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరుగారి దగ్గర పద్నాలుగేళ్లు పారాలీగల్‌గా పనిచేశాను. ఫారాలు నింపడం, కాగితాలు వరసపెట్టడం, ఫోన్లో ఏడ్చే మన ఆడపిల్లలతో తెలుగులో మాట్లాడటం, ఇదీ నా ఉద్యోగం. ‘కార్డు క్యాన్సిల్ చేయిస్తా’ అన్న బెదిరింపు ఎన్నిసార్లు విన్నానో. ఆ బెదిరింపు వల్ల కార్డు పోయినవాళ్లు నాకు తగల్లేదు. ఆ బెదిరింపుకి బెంబేలెత్తి, ఏ కాగితమూ వెయ్యకుండా గడువు దాటబెట్టుకుని అవస్థ పడ్డవాళ్లు మాత్రం తగిలారు.

నీకు రెండేళ్ల కార్డే ఎందుకిచ్చారో తెలిస్తే సగం భయం పోతుంది. దొంగ పెళ్లిళ్లను అరికట్టాలని అమెరికాలో 1986లో ఒక చట్టం చేశారు. గ్రీన్‌కార్డు హోదా వచ్చే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, షరతు మీద రెండేళ్ల కార్డు ఇస్తారు. నీ కార్డు మీద కేటగిరీ దగ్గర సీఆర్1 అని ఉంటుంది చూడు. పెళ్లయిన పదహారు నెలలకే విమానం దిగావు కాబట్టి నీకీ తిప్పలు. వీసా ఇంకో ఎనిమిది నెలలు ఆలస్యమై ఉంటే నేరుగా పదేళ్ల కార్డే వచ్చేది, నాకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. ఎంబసీ ఆలస్యం చేసిందని అప్పట్లో ఎంత తిట్టుకుని ఉంటావో.

ఆ షరతు ఏమిటన్నది మనవాళ్లకు సరిగ్గా తెలియదు. రెండేళ్లు మొగుడితో ఉండి తీరాలి అనుకుంటారు. అది కాదు. పెళ్లినాడు మీ ఇద్దరి మనసులో కాపురం చేద్దామన్న ఆలోచన ఉందా, కార్డు కోసం కట్టిన తాళేనా అన్నది ఒక్కటే వాళ్లు తేల్చుకునేది. కాపురం నిలబడలేదంటే అది దొంగ పెళ్లి అయిపోదు. ఈ దేశంలో విడాకులు తీసుకున్నవాళ్లు వీధికి ఇద్దరుంటారు, ఆ చట్టం రాసినవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

మామూలుగా అయితే కార్డు గడువు తీరే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఐ-751 అనే ఫారం వేస్తారు. విడిపోయినవాళ్లకు అదే ఫారంలో వేరే గడి ఉంది. దాన్ని వేవర్ అంటారు, అంటే మినహాయింపు. ‘మేం మనస్ఫూర్తిగానే పెళ్లి చేసుకున్నాం, కానీ విడాకులయ్యాయి’ అని భార్య ఒక్కతే వేసుకోవచ్చు. భర్త సంతకం అక్కర్లేదు. 90 రోజుల లెక్క కూడా దానికి లేదు, విడాకుల డిక్రీ చేతికొచ్చిన మర్నాడే వేసుకోవచ్చు. ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 750 డాలర్లు. మంగళగిరిలో గజం ఎంత ఉందో నీకు నాకంటే బాగా తెలుసు, లెక్క నువ్వే వేసుకో.

ఇక ‘క్యాన్సిల్’ సంగతి. కార్డు మీద ఉన్నది నీ పేరు. దాన్ని తీసెయ్యగలిగింది అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్, ఆ పైన ఇమ్మిగ్రేషన్ జడ్జి. మీవారి చేతిలో ఉన్నవి రెండే. కలిసి వేసే ఫారం మీద సంతకం పెట్టకపోవడం ఒకటి. ‘కార్డు కోసమే నన్ను చేసుకుంది’ అని వాళ్లకు ఉత్తరం రాయడం రెండోది. మొదటిదానికి మందు చెప్పాను. రెండోది చేస్తే ఆ ఉత్తరం నీ ఫైల్లో పడుతుంది, ఆఫీసరు దాన్ని నీ సాక్ష్యాల పక్కన పెట్టి తూస్తాడు. నీ వైపు పళ్లెం బరువుగా ఉండాలి, అంతే. అదెలాగో కింద చెప్తాను.

వాట్సాప్ గ్రూపుల్లో ‘విడాకులైన రోజే స్టేటస్ పోతుంది’ అని ఎవరో ఒకరు భయపెట్టే ఉంటారు. అది హెచ్-4 వాళ్ల సంగతి. భర్త హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉండి భార్య దాని మీద ఆధారపడ్డ హెచ్-4 మీద ఉంటే, విడాకులతో ఆమె హోదా పోయే మాట నిజమే. వాళ్ల కష్టం వేరు, దాని గురించి ఇంకోసారి రాస్తాను. నువ్వు షరతు మీదైనా సరే పర్మనెంట్ రెసిడెంటువి. ఉద్యోగానికైనా, ప్రయాణానికైనా పదేళ్ల కార్డువాళ్లకున్న హక్కులే నీకూ ఉన్నాయి.

స్పాన్సర్‌షిప్ వెనక్కి తీసుకుంటానన్నాడే, ఆ మాటకి మాత్రం నాకు నవ్వొచ్చింది. నీ వీసా కోసం ఆయన ఐ-864 అనే పత్రం మీద సంతకం పెట్టాడు. అది నీ పోషణ భారం తనదని ఆయనకీ అమెరికా ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం. నువ్వు రెసిడెంటువి అయిపోయాక దాన్ని వెనక్కి తీసుకునే దారి లేదు. విడాకులతో కూడా అది తెగదు. నువ్వు సిటిజన్ అయ్యేదాకానో, సోషల్ సెక్యూరిటీ లెక్కలో 40 క్వార్టర్ల పని నీ ఖాతాలో పడేదాకానో, అంటే రమారమి పదేళ్ల ఉద్యోగం, లేదా నువ్వు ఈ దేశం శాశ్వతంగా వదిలి వెళ్లేదాకానో నడుస్తూనే ఉంటుంది. నీ రాబడి పేదరిక రేఖకు 125 శాతం కంటే తగ్గితే ఆ లోటు పూడ్చమని నువ్వు ఆయన మీద కోర్టుకెళ్లవచ్చు కూడా. 2025 లెక్కన ఒంటరి మనిషికి అది ఏడాదికి సుమారు 19,500 డాలర్లు. నీకు ఉద్యోగం ఉంది కాబట్టి ఇప్పుడు ఆ అవసరం లేదు. కానీ ఇందులో మెడ ఎవరిది ఇరుక్కుందో ఆయన లాయరు ఆయనకి చెప్పే ఉంటాడు. చెప్పకపోతే త్వరలో చెప్తాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కలిసి ఉన్నట్టు సంతకాలు పెడదాం అన్నాడు కదా. ఇది నీకు మేలు చేసే మాటలా వినిపిస్తుంది. మీ అమ్మగారికీ అలాగే వినిపించింది. కానీ నీ ఉత్తరం మొత్తంలో నాకు గుండె గుభేలుమన్నది ఇక్కడే.

నీ పెళ్లి నిజమైన పెళ్లి. గుంటూరులో బంధువులందరి మధ్య పెద్దలు చేసింది. ఇంతవరకూ నీ ఫైల్లో అబద్ధమన్నది లేదు. ఐ-751 ఫారంలో నువ్వు రెసిడెంటు అయ్యాక ఏయే ఇళ్లలో ఉన్నావో అడుగుతారు. ప్లేనో అడ్రసు దాచి, ఇప్పటికీ ఫ్రిస్కోలో ఆయనతోనే ఉన్నానని రాసి సంతకం పెడితే అది ప్రమాణం చేసి చెప్పిన అబద్ధం. నిజమైన పెళ్లికి నీ చేత్తో నువ్వే దొంగ పెళ్లి మచ్చ అంటించుకున్నట్టు. ఇంటర్వ్యూకి పిలిచి ఇద్దర్నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, నిన్న రాత్రి ఏం తిన్నారని అడిగితే ఏం చెప్తావు? దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఆ అబద్ధం సంగతి లోకంలో మీ ఇద్దరికే తెలుసు. ఇవాళ స్థలం అడిగినవాడు రేపు దాన్ని పట్టుకుని ఇంకేదో అడుగుతాడు. ఐదేళ్ల తర్వాత నువ్వు సిటిజన్‌షిప్‌కి వేసినప్పుడు ఈ ఫైలు మళ్లీ తెరుస్తారు. దొంగ పెళ్లి అని ఒకసారి రాశారంటే ఆ తర్వాత ఎవరు నీకోసం పిటిషన్ వేసినా ఒప్పుకోరు, మరో పెళ్లి చేసుకున్నా సరే.

విడిగా ఉంటున్న దంపతులు కలిసి ఐ-751 వెయ్యకూడదని కాదు. విడిగా ఉంటున్నామని ఉన్నది ఉన్నట్టు రాసి వెయ్యవచ్చు, అలా వేసినవాళ్లూ ఉన్నారు. ఆ మధ్యలో విడాకులైతే దాన్ని వేవర్‌గా మార్చమని అడగవచ్చు. కానీ సంతకానికి ధర కట్టిన మనిషితో కలిసి ఏ కాగితమూ వెయ్యకపోవడమే మంచిది.

నీకు పనికొచ్చే దారి వేరే ఉంది. ఇవాళ జూన్ అనుకుందాం. టెక్సాస్‌లో విడాకులకి వెయ్యాలంటే ఇద్దరిలో ఒకరైనా రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. మీకు రెండూ కుదురుతాయి. పిటిషన్ వేశాక 60 రోజులు ఆగాలి. ఇద్దరూ ఒప్పుకుని గొడవ లేకపోతే ఆ తర్వాత డిక్రీ తొందరగానే వచ్చేస్తుంది. ఇప్పుడు వేస్తే దసరా లోపు అయిపోవచ్చు. డిక్రీ రాగానే వేవర్ వేసెయ్. ఫారం అందినట్టు ఒక రసీదు ఉత్తరం వస్తుంది. 2023 నుంచి ఆ ఉత్తరంతో పాత కార్డు గడువు 48 నెలలు పొడిగిస్తున్నారు. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, అందుకే అంత పొడిగింపు. ఆ పాత కార్డు, ఆ ఉత్తరం కలిపి పట్టుకుని తిరగడమే. లామినేట్ చేయించకు, మనవాళ్లకు ఆ అలవాటు ఎక్కువ.

ఆయన ఎదురు తిరిగి కేసు డిసెంబరు దాటితే? అప్పుడు కూడా కార్డు గడువు తీరకముందే ఐ-751 వెళ్లిపోవాలి. విడాకుల కేసు నడుస్తోందని కోర్టులో వేసిన పిటిషన్ కాపీ జతచేసి వేస్తారు. కొన్నాళ్లకు డిక్రీ పంపమని ఉత్తరం వస్తుంది, దానికి మామూలుగా 87 రోజులు ఇస్తారు. లాయరు చేయి పట్టుకుని నడవాల్సిన చోటు ఇది, సొంత వైద్యం వద్దు. ఏమీ వెయ్యకుండా డిసెంబరు దాటిందంటే మాత్రం హోదా దానంతట అదే పోతుంది, ఆ తర్వాత ఇమ్మిగ్రేషన్ కోర్టు నుంచి నోటీసు రావచ్చు. ఆలస్యంగా వేసినా కారణం చెప్పుకుని గట్టెక్కినవాళ్లు ఉన్నారు గానీ నీకు ఆ అగత్యం ఎందుకు?

సాక్ష్యాల సంగతికొస్తే, మన ఆడపిల్లల ఫైళ్లు చూస్తే నాకు ఒళ్లు మండేది. పెళ్లి ఆల్బం ఇంత లావున ఉంటుంది. తలంబ్రాలు, అరుంధతీ నక్షత్రం, అప్పగింతలు, ఐదొందల ఫోటోలు. కాపురానికొస్తే ఒక్క కాగితం మీద కూడా పిల్ల పేరు ఉండదు. ఇల్లు ఆయన పేరు, కరెంటు ఆయన పేరు, కారు ఆయన పేరు, ఇంటర్నెట్ ఆయన పేరు. ఆఫీసరుకి తలంబ్రాలు అర్థం కావు, కరెంటు బిల్లు అర్థమవుతుంది.

కంగారు పడకు, వెతికితే దొరుకుతాయి. ఏప్రిల్లో ఇద్దరూ కలిపి టాక్స్ వేశారా? అయితే ఆ ట్రాన్స్‌క్రిప్ట్, అంటే రిటర్ను వివరాల నకలు, టాక్సు శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నువ్వే తీసుకోవచ్చు, అందులో నీ పేరూ ఉంది కాబట్టి ఆయన్ని అడిగే పని లేదు. డబ్బు కూడా కట్టక్కర్లేదు. కారు ఇన్సూరెన్సులో డ్రైవరుగా నీ పేరు చేర్చి ఉంటారు, లేకపోతే నువ్వు కారు నడిపేదానివి కాదు. ఆయన ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్సులో నువ్వు ఉన్నావా, ఆ కార్డు ఫోటో తీసుకో. అపార్ట్‌మెంటు లీజులో నివాసిగా నీ పేరు ఉంటే ఆఫీసువాళ్లనడిగితే కాపీ ఇస్తారు. ఫోన్ ఫ్యామిలీ ప్లాన్, ఒకే మెంబర్‌షిప్ మీద తీసుకున్న కాస్ట్‌కో కార్డు, ఇద్దరూ కలిసి వెళ్లిన ట్రిప్పుల టికెట్లు, గుళ్లో ఇద్దరి పేర్లతో చేయించిన పూజల రసీదులు, ఏవీ చిన్నవి కావు. పెళ్లయ్యాక వీసా కోసం ఆగిన పదహారు నెలల కాలంలో మీరు మాట్లాడుకున్న వీడియోకాల్స్, మెసేజీలు కూడా లెక్కలోకొస్తాయి. వాటిని ఇవాళే బ్యాకప్ తీసి ఇంకెక్కడైనా దాచుకో, ఉమ్మడి ఖాతాలో వద్దు. మీ కాపురం కళ్లారా చూసినవాళ్లు కనీసం ఇద్దరు ప్రమాణపత్రాలు రాసివ్వాలి. ‘మంచి అమ్మాయి’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘ఉగాదికి వీళ్లింటికి భోజనానికి వెళ్లాం, అమ్మాయి వంట చేస్తుంటే అబ్బాయి వడ్డించాడు’ అని తేదీతో సహా రాయమను. శుభలేఖ తెలుగులో ఉంటే ఇంగ్లీషులోకి అనువాదం చేయించు. రెండు భాషలూ వచ్చినవాళ్లెవరైనా చేసి, తమకు ఆ భాషలు వచ్చని, పూర్తిగా సరిగ్గా చేశామని కింద రాసి సంతకం పెడితే చాలు, నోటరీ అక్కర్లేదు.

మా ఆఫీసుకొచ్చిన ఒకమ్మాయికి ఏ బిల్లు మీదా పేరు లేదు. చివరికి దొరికింది ఏమిటో తెలుసా? మూడు నెలలపాటు భర్త ఆమెను డ్రైవింగ్ టెస్టుకి తీసుకెళ్లి, ప్రతిసారీ ఫెయిలయ్యాక పంపిన మెసేజీలు. ‘బాధపడకు, వచ్చే గురువారం మళ్లీ వెళ్దాం’. మా లాయరుగారు వాటినే ముందు పెట్టారు. నాటకం ఆడేవాడు భార్యకి పారలల్ పార్కింగ్ నేర్పడు కదా.

పాస్‌పోర్టు తాళంలో పెట్టడం, జీతం తన చేతిలో పెట్టుకోవడం, ఫోన్ తనిఖీ చెయ్యడం, ఇవన్నీ నువ్వు మూడు చిన్న వాక్యాల్లో దాటేశావు. ‘చెయ్యి చేసుకోలేదు’ అని ముందే సర్దిచెప్పావు కూడా. దెబ్బలు తగిలితేనే హింస అని మన ఇళ్లలో నేర్పారు. ఐ-751లో ఇంకో వేవర్ ఉంది, కొట్టినా లేక తీవ్రంగా వేధించినా వేసుకునేది. మనిషిని కట్టడిలో పెట్టడం, డబ్బు లాక్కోవడం, కార్డు పేరు చెప్పి బెదిరించడం అందులోకి రావచ్చు. దానికి విడాకులు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఒకటికి రెండు కారణాలు చూపించి కూడా వెయ్యవచ్చు. నీ విషయం దాని కిందికి వస్తుందో లేదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. జరిగిందంతా లాయరుకి పూసగుచ్చినట్టు చెప్పు, ఒక్కటీ పెంచకు, ఒక్కటీ దాచకు. ‘కార్డు క్యాన్సిల్ చేయిస్తా, స్థలం రాయి’ అన్న మాటలు మెసేజీలో ఉంటే అవి బంగారం, చెరపకు. ఎప్పుడైనా భయమేస్తే 1-800-799-7233కి ఫోన్ చెయ్యి, అది గృహహింస హెల్ప్‌లైన్, ఇరవైనాలుగు గంటలూ పలుకుతారు, దుబాసీని కూడా కలుపుతారు.

ఖాతా పాస్‌వర్డ్ ఇంకా ఆయన దగ్గరే ఉందా? ఇది చదవడం ఆపి వేరే బ్యాంకులో నీ ఒక్కదాని పేర ఖాతా తెరిచి, జీతం అందులోకి మార్చి రా. ఇంకోటి. ఇల్లు మారిన పది రోజుల్లో యూఎస్‌సీఐఎస్‌కి కొత్త అడ్రసు చెప్పాలి, ఏఆర్-11 అంటారు, ఆన్‌లైన్లో ఐదు నిమిషాల పని. నువ్వు మార్చిలో వచ్చావు, చెప్పావో లేదో నాకు అనుమానమే. లేకపోతే నీ ఉత్తరాలన్నీ ఫ్రిస్కో డబ్బాలో పడతాయి, అక్కణ్నించి నీకు వస్తాయని నమ్మకం లేదు.

నాన్నగారి మాట. ఆయన కంగారు నాకర్థమైంది. కానీ ఇప్పుడు వెళ్లకు. కాపురం సర్దుదామని పిలిపించి, పాస్‌పోర్టు, కార్డు తీసుకుని పిల్లను పుట్టింట్లో దించి ఒక్కడే తిరుగు ప్రయాణం కట్టిన మొగుళ్లు ఇద్దరు నాకు గుర్తున్నారు. అలా కార్డు పోయినవాళ్లు అమెరికా కాన్సులేట్‌లో ఐ-131ఏ వేసి, విమానం ఎక్కడానికి అనుమతి తెచ్చుకోవచ్చు. కానీ అప్పటికి నెలలు పోతాయి, ఇక్కడ ఉద్యోగం పోతుంది, డిసెంబరు వచ్చేస్తుంది. పెద్దల్లో పెట్టి మాట్లాడాలంటే వీడియోకాల్ ఉంది. వేవర్ వేసి రసీదు ఉత్తరం చేతికొచ్చాక హాయిగా వెళ్లి పది రోజులుండి రా, కార్డు నీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి.

టెక్సాస్ విడాకులు ఇండియాలో చెల్లుతాయా అన్న ప్రశ్న నువ్వు అడగలేదు, మీ అమ్మగారు రేపో మాపో అడుగుతారు. దీనికి మన తిరుపతి కేసొకటి ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒకాయన అమెరికాలో మిస్సోరీ కోర్టు నుంచి 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకుని, తర్వాత యాదగిరిగుట్టలో రెండో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1991లో నరసింహారావు, వెంకటలక్ష్మి కేసు తీర్పులో ఆ మిస్సోరీ డిక్రీ ఇండియాలో చెల్లదన్నారు. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లికి ఆ చట్టం ఒప్పుకునే కారణం, ఒప్పుకునే కోర్టు ఉండాలన్నారు. కొన్ని మినహాయింపులూ చెప్పారు. అవతలి పక్షం ఆ విడాకులకు సమ్మతిస్తే చెల్లుతుంది అన్నది అందులో ఒకటి. అందుకే నీ డిక్రీ ఏకపక్షంగా, నువ్వు హాజరు కాకుండా రాకూడదు. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేసిన డిక్రీ కావాలి, ఆ సమ్మతి అందులో స్పష్టంగా ఉండాలి. సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు తీసుకుని, ఒకదానికి టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్, అంటే పరదేశంలో చూపించడానికి వేసే ధ్రువీకరణ, వేయించి ఉంచుకో. ఆయన ఇండియాలోనే విడాకులు వేద్దామని తిప్పుతాడేమో. పరస్పర అంగీకారంతో వేసినా అక్కడ మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. 2017లో సుప్రీంకోర్టు దాన్ని మాఫీ చెయ్యవచ్చని చెప్పింది గానీ అది జడ్జిగారి ఇష్టం. నీకు డిసెంబరు ముంచుకొస్తోంది. అందుకే టెక్సాస్‌లోనే కానియ్.

స్థలమూ నగలూ. టెక్సాస్‌లో పెళ్లయ్యాక ఇద్దరూ సంపాదించింది ఉమ్మడి ఆస్తి. కానీ ఒకరికి కానుకగా వచ్చింది వాళ్లదే, పంచేది కాదు. నాన్న ఇచ్చిన స్థలం, అమ్మ పెట్టిన నగలు నీవి. మన చట్టంలోనూ స్త్రీధనం మీద పూర్తి హక్కు భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. నగలు ఫ్రిస్కో ఇంట్లోనో లాకర్లోనో ఉండి ఉంటే, పెళ్లి ఫోటోల్లో ఒక్కొక్కటీ గుర్తుపట్టి జాబితా రాసి విడాకుల లాయరుకివ్వు. ఐదొందల ఫోటోల ఆల్బం ఉపయోగపడేది ఇదిగో, ఇక్కడ.

సిటిజన్‌షిప్ మీద ఆశ ఉంటే ఒక తేడా వస్తుంది. సిటిజన్ భర్తతో కాపురం చేస్తుంటే మూడేళ్లకే వేసుకోవచ్చు, విడాకులైతే ఐదేళ్లు ఆగాలి. ఆ ఐదేళ్లూ నువ్వు దిగిన రోజు నుంచే లెక్క, షరతు కార్డు కాలం కూడా కలుస్తుంది.

లాయర్లు ఇద్దరు కావాలి, ఒకరు విడాకులకి, ఒకరు ఇమ్మిగ్రేషన్‌కి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడు. డిక్రీలో రాసే మాటలు ఐ-751తో పొంతన లేకుండా ఉంటే తర్వాత నువ్వే సమాధానం చెప్పుకోవాలి. ఆయన చూపించిన లాయరు దగ్గరికి మాత్రం వెళ్లకు.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ‘స్థలం పోతే పోయింది’ అని ఆవిడ అన్నది స్థలం మీద ప్రేమ లేక కాదు, నీకేమవుతుందోనన్న భయంతో. స్థలం ఇవ్వకుండానే కార్డు నిలుస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాన్నగారికి ఊరికే కూర్చోవడం కష్టంగా ఉంటే ఓ పని అప్పజెప్పు. మంగళగిరి స్థలానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, స్థలం లావాదేవీలు చూపే పత్రం) తీయించి, దస్తావేజుతో సహా స్కాన్ చేసి నీకు పంపమను. ఎవరు వచ్చి అడిగినా పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల మీద సంతకం పెట్టొద్దని చెప్పు. బీరువాలో శుభలేఖ ఒకటి మిగిలి ఉంటే దాన్నీ కొరియర్ చెయ్యమను.